వెనక సీట్లో కళ్ళు మూసుకున్న మనిషి

ఆయన పోయిన రోజు మా రాజపాళయంలో తెన్‌కాసి రోడ్డు నుంచి ఆయన సందు మొగ దాకా కార్లు నిలబడ్డాయి. ఎవరో పెద్ద మిల్లు యజమాని పోయాడనుకుని తళవాయిపురం బస్సు కండక్టరు తల బయటపెట్టి అడిగాడట. కాదు. పోయింది ఒక మిల్లులో పత్తి చూసి రిటైరైన మనిషి. సొంతానికి ఒక పాత మోపెడ్ తప్ప ఇంకేమీ లేదు. కారు నడపడం రాదు, లైసెన్సు లేదు, నేర్చుకోవాలన్న ఆశ కూడా ఎప్పుడూ కనబడలేదు. అయినా ఆ నిలబడిన కార్లలో ముప్పాతిక వంతు ఆయన సరేనన్న తర్వాత కొన్నవే. ఆయన వద్దన్న కార్లో వచ్చినవాణ్ణి నాకు తెలిసి నేనొక్కణ్ణే. అందుకే పక్క సందులో నిలబెట్టి నడిచి వెళ్ళాను.

ఊరంతా ఆయన్ని మామ అనేది. నేనూ మామ అనేవాణ్ణి, నా భార్యా మామ అనేది. వరస ఎలా కుదురుతుందని ఎవరూ లెక్క చూడలేదు. వయసెంత అని అక్కడ ఎవరో అడిగితే ఒకరు డెబ్బై నాలుగన్నారు, ఒకరు ఎనభై అన్నారు. "నా వండి కొన్నప్పుడు డెబ్బై అన్నాడే" అన్నారు ఇంకొకరు. మా ఊళ్ళో వండి అంటే కారూ వండే, ఎద్దులు లాగేదీ వండే. ఆయన వయసుని మేం కొన్న వండ్లతోనే కొలుచుకున్నాం.

మిల్లులో ఆయన పని బేళ్ళ పక్కన నిలబడటం. ఇంత పత్తి పెరికి, రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా లాగి, మళ్ళీ కలిపి, మళ్ళీ లాగి, పోగు పొడవెంతో చెప్పేవాడు. కాసేపటికి లోపల మిషను కూడా అదే చెప్పేది. రిటైరయ్యాక ఆ వేళ్ళకి పని లేకపోయింది. ఒక స్నేహితుడు పాత కారు కొంటూ ఊరికే తోడుకి తీసుకెళ్ళాడు. ఈయన అక్కడ నోరు విప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం, "అది నీళ్ళలో మునిగి లేచిన వండి" అన్నాడు. సీటు కింద చెయ్యి దూర్చి ఇంత ఫోము పెరికి, వేళ్ళ మధ్య పెట్టి లాగి చూశాడట. అంతే, ఆ వారం నుంచి ఆయన ఇంటి ముందు జనం.

ఆయన పద్ధతి ఇది. కారు ఎక్కేముందు చెప్పులు బయట విడిచేవాడు, దేవుడి గదిలోకి పోతున్నట్టు. ఒట్టి పాదాలతో వెనక సీట్లో ఎడమ పక్క కూర్చుని కళ్ళు మూసుకునేవాడు. ఇంజను వణుకు కాళ్ళకి తెలుస్తుందనేవాడు. అమ్మేవాడు పక్కన కూర్చుని ఇది తోలు, ఇది కట్టె, ఇది జర్మనీ అని చెబుతూ ఉంటే, "కొంచెం ఉండండి. దీన్ని మాట్లాడనీయండి" అనేవాడు. బాగుందనీ బాగాలేదనీ ఎవరి ముందూ చెప్పేవాడు కాదు. నచ్చితే దిగి, "కాఫీ దొరుకుతాదా?" అని అడిగేవాడు. నచ్చకపోతే, "టైమెంత?" అనేవాడు. ఎడమ చేతికి పెద్ద డయలు వాచీ పెట్టుకుని మరీ. మదురైలో పాత కార్లు అమ్మేవాళ్ళకి కూడా కొన్నాళ్ళకి ఈ సంగతి తెలిసిపోయి, ఆయన దిగగానే అడగకముందే కాఫీ తెచ్చి చేతిలో పెట్టడం మొదలుపెట్టారు. ఈయన మర్యాదగా తాగి, గ్లాసు కింద పెట్టి, టైము అడిగేవాడు.

కొన్న తర్వాత అయ్యే ఖర్చు తెలుసుకోవడానికి ఆయనకి వేరే దారి. కంపెనీ సర్వీసు స్టేషన్ లోపలికి పోయేవాడు కాదు. దాని ఎదురుగా ఉన్న టీ కడలో, అంటే టీ కొట్లో, కూర్చుని, టీ పోసేవాణ్ణి అడిగేవాడు: "ఏ వండి ఎక్కువ రోజులు నిలబడి ఉంటాది? ఏ వండివాడు నీ దగ్గర టీ తాగతా రెండుచేతులా తల పట్టుకుంటాడు?" ఆ టీ కడవాడు చెప్పినంత నిజం ఏ పుస్తకంలోనూ రాసి ఉండదని ఆయన నమ్మకం. నాకూ ఇప్పుడు అదే నమ్మకం, కానీ ఆలస్యంగా వచ్చింది.

ఇక నా సంగతి. మాది పాత్రల కడ. పత్తి బేరాలు జరిగే పంజు మార్కెట్ దగ్గర, మా తాత నాటిది. నేను కళ్ళు తెరిచింది తక్కెడ పక్కన. కావలసిన వస్తువుని ముట్టుకోకూడదు, దాని పక్కదాన్ని ముట్టుకోవాలి అని నాన్న అక్షరాలకంటే ముందు నేర్పాడు. ఇంట్లో ఎవరికి కావాలో వాళ్ళని కొనడానికి తీసుకుపోకూడదు, మొహం చూసి ధర పెంచేస్తారు, అన్నాడు. అన్నిటికంటే పెద్ద పాఠం ఇంకొకటి. నువ్వు ఒక ధర అడిగి, అవతలివాడు సరే తీసుకో అంటే, తీసుకోవలసిందే. అడిగిన ధరకి ఇస్తానంటే వద్దని లేచినవాడికి మా బజారులో మళ్ళీ ఎవరూ ధర చెప్పరు. వాడి కొడుక్కి కూడా చెప్పరు.

దీనితోపాటు మా ఊరివాళ్ళందరికీ ఒక సౌకర్యం ఉంది. చుట్టూ అరవం, ఇంట్లో తెలుగు. కొనేవాడితో అరవంలో మాట్లాడుతూ, కడ లోపల ఉన్నవాడితో "ఎంతకి ఇయ్యొచ్చు?" అని తెలుగులో అడుగుతాం. మదురై పోయి చీర బేరం ఆడినా, శివకాశి పోయి కేలండర్ల బేరం ఆడినా అంతే, కడవాడి ఎదురుగానే మా గుట్టు మేం మాట్లాడుకుంటాం. మా తాతల కాలం నుంచి మాకు లాభం తెచ్చిన భాష ఇది. బడిలో చదువుకోలేదు కానీ వ్యాపారానికి బాగా పనికొచ్చింది.

నేను కారు కొనాలనుకున్నది నా భార్య నడుము కోసం. డిస్కు ఆపరేషను అయ్యాక పదిహేను రోజులకొకసారి మదురై పోయి కసరత్తు చేయించుకోవాలన్నారు. మా చిన్న కార్లో ఎనభై అయిదు కిలోమీటర్లు పోయి వస్తే రెండు రోజులు మంచం దిగలేకపోయేది. మూడుసార్లు పోయింది, నాలుగోసారి రానంది.

"నా ఇడుపుని బాగుచేసేవాళ్ళు మదురైలో ఉండారు. ఇడుపుని అక్కడికి తీసుకుపోయే వండి మాత్రం మన ఇంట్లో లే. ఇట్లే ఉండనీయండి" అంది. మా ఇళ్ళలో ఇడుపంటే నడుమే.

కసరత్తు మానేస్తే ఆ కాలు అలాగే బిగుసుకుపోతుందని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. సరే, మంచి కారే కొందామనుకున్నాను. ఇక్కడొక నిజం చెప్పాలి. నడుము ఆమెదే, కానీ ఆ నడుముని అడ్డం పెట్టుకుని ఒక పెద్ద జర్మనీ సెడాన్‌లో కడ ముందు దిగాలనే ఆశ నాది. విరుదునగర్‌లో ఒక పప్పు వ్యాపారి దగ్గర ఆరేళ్ళ వండి ఒకటి అమ్మకానికుందని తెలిసింది. మామ దగ్గరికి పోయాను.

మామ అడిగిన మొదటి ప్రశ్న, "దాంట్లో కూర్చునేది ఎవరు?"

చెప్పాను.

"అయితే ఆ అమ్మాయిని పిలుచుకుని రా."

"అది మాత్రం కుదరదు మామా. ఆ మొహం చూస్తే వాడు రెండు లక్షలు ఎక్కించేస్తాడు."

 సాయంత్రం మామే మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగుతూ అరగంట సేపు నా భార్యనే చూశాడు. ఆమె కుర్చీలో ఎలా కూర్చుంటుంది, ఏ చెయ్యి ఎక్కడ పెట్టుకుని లేస్తుంది. ఆమె లోపలికి పోగానే లేచి, రెండు దిండ్లు వేసి ఉన్న ఆ కుర్చీని జానతో కొలిచాడు.

"మూడు జానలు" అన్నాడు. గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు విరుదునగర్. మూటల మధ్యలో, గుడ్డ ముసుగు కింద కారు ఉంది. కందిపప్పు వాసనలోంచి తోలు వాసన వస్తోంది. వ్యాపారి నుదుట మూడు వేళ్ళ విభూతి, తెల్ల చొక్కా, నోరు తెరిస్తే పూజారిలాంటి అరవం. పిల్లలు ఇప్పుడు ఎత్తు వండ్లు కావాలంటున్నారు, అందుకే అమ్ముతున్నానన్నాడు. ఇరవై ఆరు లక్షలు. నేను ఆ కారుని చూడకుండా పక్కనున్న లారీని చూస్తూ, అలాగా అన్నాను.

వ్యాపారి డ్రైవరు నడిపాడు. నేను ముందు, మామ, వ్యాపారి వెనక. మామ చెప్పులు పప్పు మూటల పక్కనే ఉండిపోయాయి. నాలుగు లైన్ల రోడ్డు మీదికి రాగానే డ్రైవరు ఒక్క తొక్కు తొక్కాడు. నా వీపు సీటుకి అతుక్కుంది. నాకు ఆ ఒక్క క్షణంలో వయసు ఇరవై ఏళ్ళు తగ్గింది.

"నూరు స్పీడు, ఏడు సెకన్లు" అన్నాడు వ్యాపారి గర్వంగా.

మామ కళ్ళు తెరవకుండానే అరవంలో అడిగాడు. "రాజపాళయంలో నూరు పోయే రోడ్డు ఎక్కడ ఉంది?"

వ్యాపారి ఆలోచించాడు. "లేదు."

"అయితే ఈ ఏడు సెకన్లకి కూడా మేమెందుకు డబ్బివ్వాలి?"

తిరిగొచ్చేటప్పుడు మామ నిద్రపోయాడు. ఊరికే కళ్ళు మూసుకోవడం కాదు, నోరు తెరుచుకుని గురక. గుంతలొచ్చినా లేవలేదు. స్పీడు బ్రేకరు దగ్గర మాత్రం కింద ఎక్కడో గర్రుమని గీసుకుంటే ఒక కన్ను తెరిచి, మళ్ళీ మూశాడు. ఇంత సుఖమైన కారు ఈయనకి నచ్చకుండా ఎలా ఉంటుందని నేను ధైర్యం తెచ్చుకున్నాను.

దిగి, వెనక డిక్కీ తెరిపించాడు. "స్టెప్నీ ఏది?"

"దీనికి స్టెప్నీ అక్కర్లేదండి. పంచరైనా పరిగెత్తే టైరు ఇది" అన్నాడు వ్యాపారి.

"ఎంత దూరం?"

"ఎనభై కిలోమీటర్లు."

"ఈ టైరు మార్చేవాడు మదురైలో ఉంటాడు. మా ఊరికి ఎనభై అయిదు. మదురైకి అయిదు ముందే తిరుప్పరంకుండ్రం దగ్గర నిలబడిపోతే, కొండ మీద నుంచి మురుగన్ వచ్చి తోస్తాడా?"

వ్యాపారి నవ్వాడు. నేనూ నవ్వాను. ఒక్కో టైరు ఎంత అని మామ అడిగాక నా నవ్వు ఆగింది. ఆ ధరకి మా కడలో పెళ్ళివంట పాత్రలు ఒక సెట్టు వస్తాయి.

ఆ తర్వాత జరిగింది నేను చచ్చేదాకా మరిచిపోను. మామ వెనక తలుపు తెరిచాడు. ఎడమ చెయ్యి నడుము మీద పెట్టుకున్నాడు. కుడిచెయ్యి తలుపు మీద ఆనించి, పెదవి కొరికి, "ఏమప్పా దేవుడా" అంటూ మెల్లగా సీట్లోకి ఒదిగాడు. ముమ్మూర్తులా నా భార్యే. ఆపరేషనుకి ముందు నుంచీ నేను రోజూ వింటున్నా పట్టించుకోని మూలుగు అది. తర్వాత దిగడం. ఒక కాలు బయట పెట్టాడు, రెండోది తేలేదు. మోకాలు గడ్డం దాకా వచ్చింది. లేవబోయి కూలబడ్డాడు. మళ్ళీ లేవబోయాడు. హమాలీలు మూటలు దించడం ఆపి చూస్తున్నారు. అలా నాలుగుసార్లు ఎక్కి దిగి, ఐదోసారి నిజంగానే తన నడుము పట్టేసి, ఒక హమాలీ చెయ్యి పట్టి లాగితే బయటపడ్డాడు.

పంచె దులుపుకుని నా వైపు తిరిగాడు. "టైమెంత అల్లుడా?"

 ఇక్కణ్ణుంచి మాటలు తెలుగులోకి మారాయి. వ్యాపారి కాఫీ గ్లాసులు పక్కకి సర్దుతూ మా మధ్యలోనే నిలబడి ఉన్నాడు.

"ఏం కొరత మామా దీనికి?"

"కొరతేం లే. రొంబ మంచి వండి. నేను ఇంట్లో కూడా ఇట్లా నిద్ర పోలే. ఇది సన్నని నూలు తీసే పత్తి. మనకి కావలసింది సత్రపట్టిలో నేసే, పుండుకి కట్టే గుడ్డ. సీటు రెండు జానలే ఉండాది. ఆ అమ్మాయికి మూడు కావల్ల. పోయేటప్పుడు రాణి మాదిరి పోతాది. దిగేటప్పుడే ప్రాణం పోతాది."

"అయితే వద్దని చెప్పేది ఎట్లా? ఇంతసేపు తిప్పినాం, కాఫీ తాగినాం. విల అడక్కుండా లేస్తే మర్యాద ఉండదు."

"వద్దని చెప్పేదే. దాంట్లో ఏం ఉండాది?"

"మీరు ఉండండి మామా. ఆయన ఇరవై ఆరు అంటా ఉండాడు. నేను పందొమ్మిది అడుగుతా. కోపం వచ్చి ఆయనే పొమ్మంటాడు. మర్యాదగా పోదాం."

మామ నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు అల్లుడా. అడగొద్దు. నోరు తెరవొద్దు."

"మీకు పత్తి తెలుసు. బేరం నాకు వదిలిపెట్టండి" అన్నాను.

వ్యాపారి వైపు తిరిగి, అరవంలో, గొంతు సవరించుకుని, పందొమ్మిది అన్నాను.

ఆయనకి కోపం రాలేదు. మూటల వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. తాళంచెవి తీసి నా ముందు బల్ల మీద పెట్టాడు. తర్వాత మా అమ్మ మాట్లాడే తెలుగులో అన్నాడు, "సరే అన్నా. పందొమ్మిదికే తీసుకోండి. మర్యాదగా."

 విరుదునగర్ చుట్టూ ఎన్ని ఊళ్ళలో తెలుగు మాట్లాడతారో నాకు తెలియనిది కాదు. ఆ విభూతి చూసి, ఆ అరవం విని మరిచిపోయాను.

"మీ ఇంట్లో కూడా...?" అన్నాను.

"ఇంట్లో ఇదే మాట అన్నా. కడలో మాత్రం మాట్లాడం. మనవాళ్ళని తెలిస్తే విల తగ్గించమంటారు." మామ వైపు తిరిగి చేతులు జోడించాడు. "పెద్దాయన చెప్పినది రొంబ సరి. మా అమ్మ కూడా దిగలేకపోయిందనే దీన్ని అమ్ముతా ఉండాను."

మామ ఆయనకి తిరిగి దండం పెట్టాడు. నా వైపు చూడలేదు. అడిగిన ధరకి ఇస్తానన్నాడు, ఇక నాకు లేచే దారి లేదు. సంచిలోంచి అడ్వాన్సు తీసి ఇచ్చాను. మొదటిసారి బేరంలో ఏడు లక్షలు గెలిచి ఏడుపు మొహంతో ఇంటికి వచ్చాను.

కారు ఇంటికి చేరిన రోజు నా భార్య ఎక్కి కూర్చుంది. సీటు మీద చెయ్యి వేసి నిమిరింది. "బాగుండాది" అంది. దిగబోయింది. విరుదునగర్‌లో మామ చేసి చూపించినదంతా వరసగా జరిగింది, మోకాలు గడ్డం దాకా రావడంతో సహా. నేనూ ఎదురింటావిడా చెరొక చెయ్యి పట్టి లాగాం.

"ఎవరి కోసం కొన్నారు దీన్ని?"

"నీ కోసమే."

"దిగలేకపోతే మదురైలో డాక్టర్ని కార్లోకి పిలుస్తారా?"

ఇంకెవరైనా అయితే, నేను అప్పుడే చెప్పలేదా అని ఊరంతా చెప్పుకునేవాడు. మామ మా ఇంటి వైపు రావడమే మానేస్తాడనుకున్నాను. మూడో రోజు మోపెడ్ వెనక ఒక పరుపు కట్టుకుని వచ్చాడు. తనే పత్తి ఏరి, పరుపులు కుట్టేవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కుట్టించాడట. సీటు మీద పరిచి, జానతో కొలిచి, "మూడు" అన్నాడు. నా భార్య కూర్చుంది. దిగింది కూడా, పెద్ద కష్టం లేకుండా. కూర్చున్నప్పుడు మాత్రం తల పైకప్పుకి తగిలి మెడ పక్కకి వాలిపోయింది.

మామ కారు పైకప్పులోని అద్దం వైపు చూశాడు. "ఆ అద్దం కిటికీ తెరిచితే తల బయట పెట్టుకోవచ్చు గదా?"

"నేనేమన్నా ఎలక్షన్‌కి నిలబడినానా మామా?" అంది ఆమె.

పరుపు ఇంట్లోకి పోయింది. మామ కార్లో కూర్చోకుండా, బయట గడప మీద కూర్చుని చాలాసేపు కారు వైపే చూశాడు. అప్పుడు మా వీధంతా పైపుల కోసం తవ్వి, మట్టి పోసి మూసి, ఆ మట్టి అడుగు లోతున దిగబడి ఉంది. ఇంటి ముందు పొడవునా ఒక కాలవలాంటి గుంట. రోజూ దాన్ని తిట్టుకుంటూ దాటేవాళ్ళం.

"అల్లుడా, వండిని కొంచెం ముందుకి తీసి, గుంట అంచున నిలబెట్టు" అన్నాడు మామ.

నిలబెట్టాను. వెనక తలుపు గుంట మీదికి తెరుచుకుంది. నా భార్యని చెయ్యి పట్టి గుంటలోకి దించాడు. ఇప్పుడు సీటు ఆమె నడుము దగ్గరికి వచ్చింది. వెనక్కి ఒదిగి కూర్చుంది, కాళ్ళు లోపలికి తిప్పుకుంది. మళ్ళీ కాళ్ళు బయటికి వేసి, గుంటలోకి నిలబడింది. మూలుగు లేదు.

"సీటుని పైకి లేపేది కాదు. మనిషిని కిందికి దించల్ల" అన్నాడు మామ.

"సరే, ఇక్కడ గుంట ఉండాది. మదురైలో?" అన్నాను.

మర్నాడు మామ కనబడలేదు. పొద్దున బస్సెక్కి మదురై పోయాడట, చెప్పకుండా. సాయంత్రం వచ్చి ఒక పాత కేలండరు కాగితం వెనక పెన్సిలుతో గీసింది నా చేతిలో పెట్టాడు. ఆస్పత్రి వాకిలి, దాని ముందు తోపుడు కుర్చీలు ఎక్కే వాలు, ఆ వాలు పక్కన పూలకుండీలు పెట్టే నేల. వాలు మీద మూడో కుండీ ఎదురుగా ఒక గీత పెట్టి ఉంది.

"ఇక్కడ నిలబెడితే తలుపు కిందికి ముక్కాలు అడుగు, తొమ్మిది అంగుళాలు పల్లం. కొలిచినాను. వాచ్‌మన్‌తో మాట్లాడినాను. రెండు కుండీలు పక్కకి జరుపుతానన్నాడు."

"వాచ్‌మన్ ఏం అడగలేదా?"

"అడిగినాడు. ఎవరికి అని. నా కూతురికి అని చెప్పినాను."

ఇంటి ముందు గుంటలో ఎక్కి, మదురైలో మూడో కుండీ దగ్గర దిగి, పదిహేను రోజులకొకసారి మేం పోయి వచ్చాం. మధ్యలో ఆ కారు నాకు చెప్పవలసిన పాఠాలన్నీ చెప్పింది. ముందు అద్దం మీద రాయి పడి పగిలితే, ఆ అద్దం ధర విని నేను సర్వీసు స్టేషన్ ఎదురుగా టీ కడలో రెండుచేతులా తల పట్టుకున్నాను. టీ పోసేవాడు నన్ను చూసి తల ఊపాడు. స్పీడు బ్రేకర్ల దగ్గర జనం నిలబడి, తగులుతుందా తగలదా అని పందెం వేసుకునేవాళ్ళు. కానీ ఆమె మాత్రం మదురై నుంచి తిరిగొచ్చిన రోజు మంచం ఎక్కకుండా వంటింట్లోకి పోయేది. నాకు అది చాలు.

ఎనిమిది తొమ్మిది నెలలకి మా వీధికి రోడ్డు వచ్చింది. అందరూ సంతోషించారు. గుంటలు పూడ్చడానికి కంకర వచ్చిన రోజు మామ మోపెడ్ మీద హడావిడిగా వచ్చి మేస్త్రీని పట్టుకున్నాడు.

"ఈ ఒక్క ఇంటి ముందర మాత్రం గుంట వదిలిపెట్టప్పా."

మేస్త్రీ పార కింద పెట్టాడు. "రోడ్డు వేయడం మొదలుపెట్టినప్పటి నుంచి అందరూ గుంట మూయమని తిట్టినవాళ్ళే. వదలమని అడిగింది నువ్వే, తాతా."

"అల్లుడా, నీకు బేరం తెలుసు గదా. అడుగు" అన్నాడు మామ.

అడిగాను. మూడడుగుల పొడవు అడిగాను, రెండుకి దిగాను, ఒక్క తలుపు వెడల్పు చాలన్నాను. ఇంజనీరు వచ్చి కొలుస్తాడన్నాడు మేస్త్రీ. నా ఇన్నేళ్ళ వ్యాపారంలో గుంట కోసం ఆడిన ఆ ఒక్క బేరంలో నాకు ఒక్క అంగుళం కూడా దొరకలేదు. సాయంత్రానికి మా ఇంటి ముందు అద్దంలాంటి తారు రోడ్డు.

తర్వాతి మదురై ప్రయాణం రోజు పొద్దున్నే మామ వచ్చాడు. వడ్రంగి చేత చేయించిన రెండు వాలు చెక్కలు తెచ్చాడు. వాటిని చక్రాల ముందు పెట్టి, కారుని వాటి మీదికి ఎక్కిస్తే అడుగు ఎత్తు వస్తుందని ఆయన లెక్క. ఎక్కితే దిగకుండా దొర్లిపోతుందని నా భయం.

"ముందు చక్రం కాదు అల్లుడా, వెనకది."

"వెనకది పెడితే స్టార్ట్ చేయగానే చెక్క ఎగిరి ఎదురింటి తలుపు మీద పడుతుంది మామా."

"అయితే నువ్వు మెల్లగా తొక్కు. ఏడు సెకన్లలో నూరు పోయేదానికి ఎవరు చెప్పినారు నీకు?"

మేం ఇలా గొడవ పడుతుండగా వెనక తలుపు మూసుకున్న చప్పుడైంది. ఇద్దరం తిరిగి చూశాం. నా భార్య లోపల కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎలా ఎక్కిందో చూడలేదు.

మామ తలుపు తెరిచాడు. "దిగు అమ్మాయీ."

"ఇప్పుడే గదా ఎక్కినాను?"

"దిగి చూపించు."

ఆమె రెండు కాళ్ళూ బయటికి తిప్పింది. మోకాలి మీద చెయ్యి ఆనించింది. మెల్లగా, తొందర లేకుండా, కొత్త తారు మీద నిటారుగా నిలబడింది. పెదవి కొరకలేదు. కంటి నుంచి ఏదో తప్పిపోతుందన్నట్టు మామ రెప్ప వేయకుండా చూశాడు.

"ఇంకొకసారి" అన్నాడు.

ఆమె ఎక్కి, మళ్ళీ దిగింది.

"ఎప్పటి నుంచి?" అని అడిగాడు.

"రెండు మూడు వారాలుగా మంచం మీద నుంచి అట్లే లేస్తా ఉండాను. మీరిద్దరూ ఆ గుంట కోసం పడే పాట్లు చూసి చెప్పలేకపోయినాను" అంది.

 మామ చెక్కల వైపు చూశాడు. ఆ వడ్రంగికి ఆయనే కూలి ఇచ్చాడని నాకు తర్వాత తెలిసింది, ఎంత బతిమాలినా నా దగ్గర తీసుకోలేదు. చివరికి నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు, "వండిని సరిగానే చూసినాను అల్లుడా. అమ్మాయిని చూడటంలోనే తప్పు చేసినాను."

ఆయన తప్పు ఒప్పుకోవడం నేను విన్నది ఆ ఒక్కసారే.  ఆమె మూడోసారి ఎక్కి కూర్చుని, తలుపు దగ్గరికి లాక్కుంటూ, "నన్ను చూసింది చాలు మామా. చక్రం ముందర చెక్కలు తీయండి, వండి కదలల్ల" అంది.

మామ వంగి రెండు చెక్కలూ తీశాడు. నన్ను పట్టుకోనివ్వలేదు. భుజాన వేసుకుని రోడ్డు పక్కకి తప్పుకుని మాకు దారిచ్చాడు.